తలుపు అవతల జేజి
(కనబడని దేవుణ్ణి నమ్మడం బిడ్డలకు నేర్పేదెలా?)



ఈ పేజీలో మేము మామూలుగా విరేచనాలు, రక్తహీనత, టీకాలు వంటి సంగతులు రాస్తుంటాము. ఈసారి పిల్లల వార్డులో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే వేరొక ప్రశ్న తీసుకున్నాము. "సిస్టరమ్మా, దేవుడు ఉంటే ఎందుకు కనపడడని మావాడు అడుగుతున్నాడు. ఏమి చెప్పాల?" నంద్యాలలో అడిగారు, ఆళ్ళగడ్డ వైపు పల్లెలకు వైద్య శిబిరానికి పోయినప్పుడూ అడిగారు. మేము వేదాంతం చదివినవాళ్ళం కాము. అయితే నొప్పితో, భయంతో ఉన్న బిడ్డల దగ్గర చాలా ఏండ్లు గడిపాము. అక్కడ నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాము.

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, మార్కు 10:13-16, యోహాను 20:24-29, 2 తిమోతి 1:5.

ఒక బిడ్డ మాకు నేర్పిన పాఠం

కొన్నేండ్ల కిందట ఆళ్ళగడ్డ దగ్గర పల్లె నుంచి ఆరేండ్ల బాబును గిలక ఆపరేషనుకు తీసుకొచ్చారు. ఇంటి దగ్గర తల్లి బాలింతరాలు. బాబు వెంట వాళ్ళ జేజి వచ్చింది. ముందురోజు సాయంత్రం రక్తపరీక్షకు సూది వేయవలసి వచ్చింది. బాబు ఏడుస్తుంటే మేము అలవాటు కొద్దీ "నొప్పి పుట్టదు నాన్నా, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అన్నాము. సూది గుచ్చగానే బాబు కెవ్వుమన్నాడు.

మరునాడు ఆపరేషను గది తలుపు దగ్గర మళ్ళీ ఏడుపు. "భయపడొద్దు నాన్నా, మీ జేజి ఇక్కడే ఉంటుంది. యేసయ్య నీతో లోపలికి వస్తాడు. ప్రార్థన చేసుకుందామా?" అని అడిగాము. వాడు మా ముఖం చూసి, "సూది నొప్పి పుట్టదంటివి గదా" అని గోడవైపు తిరిగిపోయాడు.

మాకు నోట మాట రాలేదు. కనబడే సూది సంగతిలో మేము చెప్పింది అబద్ధమైతే, కనబడని యేసయ్య సంగతిలో మేము చెప్పేది బిడ్డ ఎందుకు నమ్మాలి?

అప్పుడు జేజి వాడి తల నిమిరి ఇట్లా అంది. "నొప్పి ఉంటాది నాయనా. లేదని ఉత్తమాట ఎందుకు చెప్పల్ల? నేను ఈ తలుపు అవతల ఈ బెంచీ మీదనే కూచోనుంటా. లోపల నీకు కనపడను. అయినా ఏడికీ పోను. నువ్వు కండ్లు తెరిసేతలికి నీ కాడుంటా."

బాబు లోపలికి వచ్చాడు. మత్తు ఇచ్చే ముందు రెండుసార్లు, "మా జేజి ఆడనే ఉందా?" అని అడిగాడు. ఈసారి మేము ఊరికే తల ఊపలేదు. ఒక నర్సు తలుపు తీసి చూసి వచ్చి, "ఉంది, బెంచీ మీదనే కూర్చుంది" అని చెప్పింది. ఆ జేజి టీ తాగడానికి కూడా లేవలేదు. బాబు కండ్లు తెరిచేసరికి మంచం పక్కనే ఉంది.

కోస్తా జిల్లాలవాళ్ళు పసిబిడ్డలకు దణ్ణం పెట్టడం నేర్పేటప్పుడు దేవుణ్ణి జేజి అంటారు. మన సీమలో జేజి అంటే నాయనను కన్నతల్లి. ఆ రోజు తలుపు దగ్గర ఈ రెండు జేజిలూ ఎంత దగ్గర మాటలో మాకు అర్థమైంది. కనబడే మనిషి మాట నిజమైతేనే, కనబడని దేవుని మాట నిజమని బిడ్డ నమ్మడం నేర్చుకుంటాడు. ఈ పాఠంలో మేము చెప్పదలచిన ముఖ్య సంగతి ఇదే.

బిడ్డ మనసు వయసుతోపాటు ఎదుగుతుంది

మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఇస్తాము. పెద్దల మోతాదు పసివానికి ఇస్తే ప్రమాదం. విశ్వాసపు మాటలకు కూడా వయసును బట్టి మోతాదు ఉంది.

ఏడాది లోపు: నాలుగైదు నెలల బిడ్డ ముందు గిలక్కాయను గుడ్డకింద దాచితే దాన్ని మరచిపోతాడు. సుమారు ఎనిమిది నెలలు దాటాక గుడ్డ లాగి వెదుకుతాడు. కనబడకపోయినా వస్తువు ఉందని వానికి తెలిసింది. స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే దీన్ని శ్రద్ధగా గమనించి రాశాడు. మన అవ్వలు ఏ పుస్తకం చదవకుండానే కొంగు చాటున ముఖం దాచి దోబూచి ఆడుతారు. "కనబడకపోయినా అవ్వ ఉంది, మళ్ళీ వస్తుంది" అన్నది బిడ్డ నేర్చుకునే మొదటి నమ్మకం. ఏడ్చినప్పుడు ఎత్తుకోవడం, ఆకలికి పాలివ్వడం, చెప్పిన వేళకు తిరిగి రావడం, ఇవే ఈ వయసులో సండేస్కూలు పాఠాలు.

మూడు నుంచి ఏడేండ్లు: ఈ వయసు బిడ్డలు తాము అనుకున్నందువల్లనే సంగతులు జరుగుతాయని తలుస్తారు. "నేను తమ్మునిమీద కోప్పడ్డాను, అందుకే వానికి జ్వరం వచ్చింది" అని లోపల కుమిలే బిడ్డలను వార్డులో చూశాము. "నీ వల్ల కాదమ్మా" అని పైకి చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు.

ఏడు నుంచి పదకొండేండ్లు: న్యాయం అన్యాయం బాగా పట్టించుకునే వయసు. "నేను ప్రార్థన చేశాను గదా, ఎందుకు జరగలేదు?" అని లెక్క అడుగుతారు. చేత్తో చేసే పనులు, కథలు వీరికి బాగా పట్టుబడతాయి.

పన్నెండేండ్ల తర్వాత: అనుమానాలు వస్తాయి. "గుడికి పోయే ఇంట్లో పుట్టి ఇదేం ప్రశ్న?" అని కసరకండి. తోమా తాను చూస్తే తప్ప నమ్మనన్నప్పుడు ప్రభువు అతణ్ణి వెళ్ళగొట్టలేదు. వారం తర్వాత అతని కోసం వచ్చి, తన గాయాలు చూపించాడు. చూడక నమ్మినవారు ధన్యులన్న మాట ఆ తర్వాతనే చెప్పాడు. అడిగే బిడ్డ ఇంకా మన దగ్గర ఉన్నట్టే. అడగడం మానినవాని గురించే మనం దిగులుపడాలి.

దేవుణ్ణి బూచిగా చేయకండి

వార్డులోకి మేము అడుగుపెట్టగానే కొందరు తల్లులు, "అన్నం తినకపోతే సిస్టరు సూది వేస్తాది" అని బెదిరిస్తారు. దాంతో ఆ బిడ్డ మమ్మల్ని చూస్తేనే వణుకుతాడు. నిజంగా జబ్బు చేసినప్పుడు చెయ్యి పట్టనివ్వడు.

దేవుని విషయంలో కూడా ఇదే జరుగుతోంది. "అబద్ధమాడితే దేవుడు కండ్లు తీస్తాడు", "గుడికి రాకపోతే జ్వరం వస్తాది" అంటాము. ఆ పూటకు బిడ్డ మాట వింటాడు. కానీ జ్వరం వచ్చిననాడు దేవుని దగ్గరికి పోడు, దేవునికి భయపడి దాక్కుంటాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదని ప్రభువు చెప్పాడు (యోహాను 9). తన దగ్గరికి వచ్చే చిన్నబిడ్డలను అడ్డగించవద్దని శిష్యులమీద కోపగించినవాడు ఆయనే. తప్పు చేసిన బిడ్డను దిద్దవలసిందే. కానీ ఆ పని మనమే చేయాలి. దేవుణ్ణి బెత్తంగా వాడుకోరాదు.

"ఎందుకు కనపడడు?" అని అడిగితే

సండేస్కూలులో గాలి ఉపమానం చెబుతుంటాము. గాలి కనబడదు, చెట్టు ఊగితే తెలుస్తుంది అంటాము. మేము రోగక్రిముల మాట కూడా చెబుతాము. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అంతకుముందు కూడా ఆ క్రిమి ఉంది, మనుషులు చనిపోతూనే ఉన్నారు. కంటికి కనబడనిదంతా లేనిది కాదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. తెలివైన బిడ్డ, "క్రిమి మైక్రోస్కోపులో కనపడుతుంది గదా, దేవుడు దాంట్లో కూడా కనపడడు" అంటాడు. వాడన్నది నిజమే. ఒప్పుకోండి. దేవుడు చిన్న వస్తువు గనుక కనబడకపోవడం కాదు, ఆయన ఆత్మ అని చెప్పండి. ఉపమానం వంతెన వంటిది. దాటడానికి పనికొస్తుంది, దానిమీద ఇల్లు కట్టుకోలేము.

మన ప్రాంతపు బిడ్డలకు కె.సి. కాలువ ఉపమానం చెప్పి చూడండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప వైపు పోయే కాలువ అది. ఆళ్ళగడ్డ దగ్గరి పొలంలో నిలబడిన బిడ్డ సుంకేసుల చూసి ఉండడు. అయినా నీళ్ళు వదిలారన్న కబురు నమ్మి వాళ్ళ నాయన నారు పోస్తాడు. కనబడని చోటి నుంచి నీళ్ళు వస్తాయి. ఇక్కడ కూడా నిజం దాచకండి. కాలువ ఎండిన ఏండ్లు మన రైతులకు తెలుసు. కాలువను నమ్మినట్టే దేవుణ్ణి నమ్మమని చెప్పడం లేదు. చూడని దాన్ని నమ్మి పని మొదలుపెట్టడం మనుషులకు కొత్త కాదని మాత్రమే చెబుతున్నాము.

ఈ ఉపమానాలన్నిటికంటె మంచి జవాబు యేసుప్రభువే. ఎవడును చూడని దేవుణ్ణి ఆయన మనకు తెలియజేశాడని యోహాను సువార్త మొదటి అధ్యాయం చెబుతోంది. "దేవుడు ఎట్లా ఉంటాడు?" అని అడిగిన బిడ్డకు, కుష్ఠరోగిని ముట్టుకున్న యేసయ్య, యాయీరు కూతురి చెయ్యి పట్టుకుని లేపిన యేసయ్య కథ చెప్పండి. ఆ పాప లేవగానే, తినడానికి ఏమైనా పెట్టమన్నాడు ప్రభువు. నర్సులుగా మాకు ఆ మాట చాలా ఇష్టం. దేవుని మనసు ఎట్లాంటిదో బిడ్డకు ఆ మాటలో తెలుస్తుంది.

ఇంకొక మాట. ఆళ్ళగడ్డ రాతి శిల్పులకు పేరు పొందిన ఊరు. దగ్గరలోనే అహోబిలం ఉంది, నంద్యాల పక్కన మహానంది ఉంది. మన బిడ్డతోపాటు బడిలో కూర్చునే స్నేహితుడు, "మా దేవుడు కనపడతాడు, మీ దేవుడు ఏడీ?" అని అడగవచ్చు. బిడ్డ ఇంటికి వచ్చి ఆ మాట చెబితే, ఎదుటివారి దేవుణ్ణి ఎగతాళి చేయడం నేర్పకండి. "వాళ్ళు వాళ్ళ నమ్మకం ప్రకారం మొక్కుకుంటారు. మనం యేసుప్రభువు ద్వారా కనబడని తండ్రికి ప్రార్థన చేస్తాము" అని నెమ్మదిగా చెప్పండి. ఆ స్నేహితునికి జబ్బు చేస్తే చూడటానికి బిడ్డను వెంట తీసుకుపోండి. దేవుణ్ణి ఎవడూ చూడలేదని, మనం ఒకరినొకరం ప్రేమిస్తే ఆయన మనలో ఉంటాడని యోహాను తన మొదటి పత్రికలో రాశాడు. ఆ స్నేహితుని ప్రశ్నకు అదే జవాబు.

ప్రార్థన చేసినా బాగుకానప్పుడు

ఇది అన్నిటికంటె కష్టమైన పాఠం. పిల్లల వార్డులో ఒక ఉదయం పక్కమంచం ఖాళీగా కనిపిస్తుంది. రాత్రి వరకు ఇద్దరూ కలిసి బొమ్మలు గీసుకున్నారు. ఇద్దరి కోసం ఒకే ప్రార్థన చేశాము. "వాడేడి సిస్టరూ?" అని అడిగే బిడ్డకు ఏమి చెప్పాలి?

మేము చెప్పకూడదని నేర్చుకున్నవి మూడున్నాయి. "నిద్రపోయాడు" అనకండి. ఆ బిడ్డ రాత్రి కండ్లు మూయడానికి భయపడతాడు. "మంచివాడు గనుక దేవుడు తీసుకున్నాడు" అనకండి. మంచిగా ఉండటానికే భయపడతాడు. "మన ప్రార్థన చాలలేదు" అనకండి. చావు బరువంతా ఆ చిన్న భుజాలమీద పడుతుంది.

చెప్పదగినవి ఇవి. "వాడు చనిపోయాడు నాన్నా. జబ్బు చాలా పెద్దది. డాక్టర్లు చేయగలిగినంతా చేశారు. మాకు కూడా ఏడుపు వస్తోంది. దేవుడు ఎందుకు ఆపలేదో మాకు తెలియదు. వాడు దేవుని చేతుల్లో ఉన్నాడని నమ్ముతున్నాము." తెలియదని చెప్పడానికి సిగ్గుపడవద్దు. గెత్సేమనేలో మన ప్రభువే గిన్నె తొలగించమని అడిగాడు, అది తొలగలేదు. పౌలు తన ముల్లు తీయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. అయినా వారు తండ్రిని విడువలేదు, తండ్రి వారిని విడువలేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీరు విడిచాడు. కాబట్టి బిడ్డ ముందు ఏడిస్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

అడిగినదంతా దొరుకుతుందని జేజి కూడా చెప్పలేదు. నొప్పి ఉండదని చెప్పలేదు. "ఏడికీ పోను" అని మాత్రం చెప్పింది. దేవుడు మనకిచ్చిన మాట కూడా అదే. ఆయన ఇవ్వని మాటలు ఆయన పేరు మీద మనం బిడ్డలకు ఇవ్వరాదు.

ప్రార్థన, మాత్ర రెండూ

ఫిట్స్ వచ్చే బిడ్డకు ప్రార్థన చేయించి, విశ్వాసం చూపించాలని మాత్రలు ఆపేసిన కుటుంబాలు మా దగ్గరికి వచ్చాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. టి.బి. మందులు సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని ఆపితే జబ్బు మొండికేస్తుంది. కుక్క కరిస్తే వెంటనే సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటికీ రావాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. పాము కరిస్తే మంత్రం కోసం, ప్రార్థన కూటం కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తేవాలి. దారిలో ప్రార్థన చేయండి.

హిజ్కియా రాజు ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించాడు (2 రాజులు 20). సువార్త రాసిన లూకా వైద్యుడు. మాత్ర వేసేటప్పుడు బిడ్డతో, "ఈ మందు కనుక్కునే తెలివి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం" అని చెప్పించండి. ఆపరేషనుకు ముందు మన డాక్టర్లు ప్రార్థన చేస్తారు, తర్వాత చేతులు కూడా శుభ్రంగా కడుగుతారు. బిడ్డ రెండూ చూడాలి.

ఈ విశ్వాసం మనకెట్లా వచ్చింది?

1850ల నాటికే ఆళ్ళగడ్డకు దక్షిణాన ఉన్న ముత్యాలపాడులో ఎస్.పి.జి. మిషనువారి పని సాగుతుండేది. నంద్యాల ప్రాంతపు సంఘాలు అట్లాంటి చిన్న ఊళ్ళ నుంచే పెరిగాయి. మన పూర్వీకుల్లో చాలామంది అక్షరం రానివాళ్ళు. పగలంతా కూలికి పోయి, రాత్రి దీపం దగ్గర కూర్చుని, పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, కీర్తనలు చెవితో విని కంఠతా పట్టారు. చదవలేని జేజిలే మనవళ్ళకు బైబిలు కథలు చెప్పారు. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు రాశాడు. మన సంఘాల చరిత్ర కూడా అంతే. ఈనాడు మన దగ్గర రంగుల బొమ్మల బైబిళ్ళు, వేసవిలో వి.బి.ఎస్. తరగతులు, ఫోనులో పాటలు ఉన్నాయి. ఇవన్నీ మంచివే. కానీ ఫోను చేతికిచ్చి మనం లేచిపోతే, బెంచీ మీద కూర్చునేవారు లేనట్టే.

ఇంటిలో చేయదగినవి

1. రాత్రి అన్నం తర్వాత పది నిమిషాలు చాలు. ఒక కథ, ఒక పాట, ఒక చిన్న ప్రార్థన. బిడ్డ నిద్రకు తూగేదాకా సాగదీయకండి.

2. ప్రార్థనలో బిడ్డను సొంత మాటలు చెప్పనివ్వండి. "మా కోడిపిల్ల బాగుండాల" అన్నా నవ్వకండి.

3. బిడ్డకు ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఆదివారం తీసుకుపోతానన్న చోటికి తీసుకుపోండి. వీలుకాకపోతే "తప్పయింది నాన్నా" అని చెప్పండి.

4. ఆసుపత్రికి తెచ్చేటప్పుడు "ఊరికి పోతున్నాం" అని మోసం చేయకండి. "సూది ఉంటుంది, కొంచెం నొప్పి పుడుతుంది, నేను నీ చెయ్యి పట్టుకుంటాను" అని చెప్పండి. మేము కూడా అట్లాగే చెబుతున్నాము.

5. బిడ్డ చేత ఒక మంచి పని చేయించండి. వార్డులో ఒంటరిగా ఉన్న అవ్వకు నీళ్ళు ఇవ్వడం, బడిలో దెబ్బ తగిలినవానికి పుస్తకాలు మోయడం చాలు.

6. జవాబు తెలియని ప్రశ్న వస్తే, "నాకు తెలియదు, అయ్యగారిని అడుగుదాం" అనండి. మరువకుండా అడగండి.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. చిన్నప్పుడు దేవుణ్ణి గురించి మీకు మొదట చెప్పినది ఎవరు? వారిని ఎందుకు నమ్మారు?

2. మన ఇంట్లో దేవుని పేరు చెప్పి బిడ్డలను బెదిరిస్తున్నామా?

3. మనం అడిగింది జరగని ప్రార్థన ఏది? దాని గురించి బిడ్డలతో నిజంగా మాట్లాడామా?

4. ఈ వారం బిడ్డకు ఇచ్చి తప్పిన మాట ఏది?

ముగింపు

ఆపరేషను అయిన మూడోరోజు ఆ బాబును ఇంటికి పంపించాము. కట్టు మార్చేటప్పుడు, "కొంచెం మంట పుడుతుంది నాన్నా" అని ముందే చెప్పాము. మంట పుట్టింది. ఏడ్చాడు. కానీ చెయ్యి లాగుకోలేదు. పోయేటప్పుడు జేజి ప్రార్థన చేయమని అడిగితే, వాడు మా పక్కన నిలబడి తానే చేతులు జోడించాడు. మేము పోగొట్టుకున్న నమ్మకం ఒక నిజం మాటతో కొంచెం తిరిగి వచ్చింది. అందుకు దేవునికి స్తోత్రం.

ప్రార్థన: కనబడని మా తండ్రీ, మా బిడ్డలు మొదట మా ముఖాల్లోనే నిన్ను వెదుకుతారు. మా నోటిని అబద్ధం నుంచి, మా చేతిని కోపం నుంచి కాపాడుము. నీవు ఇవ్వని మాటలు నీ పేరున చెప్పకుండా మమ్మును ఆపుము. తలుపు అవతల ఎదురుచూసే ప్రతి తల్లికి, తలుపు లోపల ఉన్న ప్రతి బిడ్డకు తోడుగా ఉండుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.